పాత సరుకు బండి ఫిట్‌నెస్ పరీక్షలో తప్పింది, మళ్లీ పరీక్ష చేయమని ఎలా అడగాలి?

మా తమ్ముడికి 2013 మోడల్ చిన్న డీజిల్ ట్రక్కు ఉంది. బీఎస్ 3 రకం, అంటే పాత పొగ ప్రమాణాలతో తయారైనది. కూరగాయలు వేసుకుని పల్లెల నుంచి మార్కెట్టుకు తిరుగుతాడు, ఇల్లు గడిచేది దాని మీదే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనం కాబట్టి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పదు. ఆ నియమంతో మాకు పేచీ లేదు. బ్రేకు పట్టని బండి రోడ్డు మీద ఉండకూడదు.

ఈసారి యంత్రాలతో పరీక్షించే కేంద్రానికి వెళ్తే పొగ ఎక్కువని, వెనక చక్రాల బ్రేకు సరిగా లేదని తిరస్కరించారు. బీఎస్ 3 డీజిలుకు పొగ సాంద్రత పరిమితి 65. మా బండికి ఎంత వచ్చిందో చెప్పలేదు, కాగితమూ ఇవ్వలేదు. గంటల తరబడి ఆపి ఉంచి, ఇంజిను వేడెక్కకముందే పొగ గొట్టంలో కొలిచే గొట్టం పెట్టారు. ఖాళీ బండి కావడంతో బ్రేకు పరీక్షించే రోలర్ల మీద వెనక చక్రాలు జారడం తమ్ముడు కళ్లారా చూశాడు. ముందురోజే కొత్త బ్రేకు లైనర్లు వేయించాం! ఇది న్యాయమేనా?

తెలిసినవారు దయచేసి చెప్పండి. కొలతలున్న నివేదిక ఇమ్మని రాతపూర్వకంగా అడగవచ్చా? మళ్లీ పరీక్ష ఇంకో కేంద్రంలో చేయించుకోవచ్చా? అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో పెట్టుకోవాలి? ముఖ్యంగా, ఇలాంటి బండిని ఇటీవల పరీక్షకు తీసుకెళ్లినవారు బ్రేకు పరీక్షకు కొంత బరువు వేసుకెళ్లారా? ప్రస్తుతం బండి ఇంటి ముందే ఆగి ఉంది, అప్పు వాయిదా మాత్రం ఆగదు.