లేజర్‌లో ‘నాయిస్’ను ఏమందాం? రొదా, కలుపా?

అందరికీ నమస్కారం. లేజర్ల మీద హైస్కూల్ పిల్లల కోసం వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ‘నాయిస్’కు మొదట ‘రొద’ అని పెట్టాను. అది చదివిన మా అక్క, “లేజర్ చప్పుడు చేస్తుందా?” అని అడిగింది. చేయదు. ఇక్కడ నాయిస్ కూడా వెలుగే. అసలు పల్స్ (లేజర్ విడిచే క్షణకాలపు వెలుగు తునక) కన్నా ముందే వచ్చేసే వెలుగు.

ఆంప్లిఫయర్ అంటే పల్స్‌ను పెంచే పరికరం. దాని స్ఫటికానికి పంప్ లేజర్ శక్తిని ఎక్కిస్తుంది. సీడ్ పల్స్ అనే చిన్న పల్స్ వచ్చి ఆ శక్తిని తీసుకుని పెరగాలి. కానీ స్ఫటికంలోని కొన్ని పరమాణువులు ఎవరూ అడగకుండానే వెలుగు విడుస్తాయి. అదీ దారిపొడవునా పెరుగుతుంది. చివర్లో అసలు పల్స్‌ను ఫెమ్టోసెకన్లకు కుదించినా, ఈ వెలుగు కుదించుకోదు. నానోసెకన్ల (ఒక్కోటి పది లక్షల ఫెమ్టోసెకన్లు) పొడవునా పరుచుకునే ఉంటుంది.

పరుచుకున్నది పలుచనే కదా అనుకోవద్దు. అసలు పల్స్ చదరపు సెంటీమీటరుకు 10²¹ వాట్లు ఉందనుకోండి. ముందొచ్చే వెలుగు అందులో వెయ్యి కోట్లో వంతే అయినా 10¹¹ వాట్లు. ప్రయోగంలో గురిగా పెట్టిన లోహపు రేకు పైపొర ప్లాస్మా (విద్యుదావేశాలు నిండిన వేడి వాయువు) అయిపోవడానికి అది చాలు. అసలు పల్స్ వచ్చేసరికి మనం పెట్టిన రేకు మనం పెట్టినట్టు ఉండదు.

అందుకే పైరు మధ్య పిలవకుండా మొలిచే ‘కలుపు’ పేరు పెడితే ఎలా ఉంటుంది? సీడ్ అంటే విత్తు, పంప్ అంటే నీరు పెట్టేది. ఇంగ్లీషులోనే సగం సేద్యం ఉంది!

జవాబు: బాగుందండీ. కానీ ‘కలుపు కాంతి’ అంటే కాంతిని కలపమన్నట్టు వినిపిస్తుంది.

నా జవాబు: నిజమేనండీ, అది నాకు తట్టలేదు. తిప్పి ‘కాంతికలుపు’ అని ఒకే మాటగా రాస్తే ఆ చిక్కు చాలావరకు పోతుంది.

ఇంకొకరు: మరి తగ్గించే పద్ధతులకూ ఈ పోలిక నిలుస్తుందా?

నా జవాబు: నాకు నచ్చిందే అదండీ. పైరు దట్టంగా ఉంటే కలుపు లేవదు. సీడ్ పల్స్‌ను ముందే బలంగా, శుభ్రంగా చేసి పంపితే కాంతికలుపు వాటా తగ్గుతుంది. శుభ్రం చేయడానికి బేరియం ఫ్లోరైడ్ స్ఫటికం వాడతారు. అందులో పుట్టే కొత్త వెలుగు, లోపలికొచ్చే వెలుగు తీవ్రత ఘనాన్ని (మూడో ఘాతాన్ని) బట్టి ఉంటుంది. అంటే వెయ్యో వంతున్న కలుపు వంద కోట్లో వంతుకు పడిపోతుంది. పారామెట్రిక్ అనే మరో రకం ఆంప్లిఫయర్‌లోనైతే స్ఫటికం శక్తిని దాచుకోదు. పంప్ పల్స్ ఉన్న కొద్దిసేపే పెరుగుదల, కలుపుకైనా అంతే.

ప్లాస్మా అద్దం ఒక్కటే ఈ పోలికలో ఇమడలేదు. అది మొదట మామూలు గాజు పలకే, బలహీనమైన వెలుగు దానిలోంచి అవతలికి పోతుంది. అసలు పల్స్ అంచు తాకగానే ఆ గాజు ఉపరితలం ప్లాస్మాగా మారి, మిగతా పల్స్‌ను అద్దంలా తిప్పికొడుతుంది. ఇది కలుపుతీత కాదు, చేటతో చెరగడం. తాలు ఒక పక్కకి, గింజ ఒక పక్కకి. దానికి ‘చెరుగు అద్దం’ అంటే ఒప్పుకుంటారా?