ముందుకు వచ్చేసిన హెడ్‌రెస్ట్ మళ్లీ లాక్ కావడం లేదు

శనివారం సాయంత్రం మెహదీపట్నం సిగ్నల్ దగ్గర నా కారును వెనుక నుంచి వ్యాను గుద్దింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గానీ, ముందు సీట్ల హెడ్‌రెస్ట్‌లు రెండూ స్ప్రింగుతో ముందుకు తోసుకొచ్చాయి. మెడను కాపాడేందుకు పెట్టిన ఏర్పాటే అది.

మాన్యువల్‌లో చెప్పినట్టు కుషన్‌ను రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగి, వెనక్కి నెట్టి, గట్టిగా నొక్కాను. ఎడమవైపుది క్లిక్‌మని కూర్చుంది. డ్రైవరు వైపుది వెనక్కి వెళ్తుంది, కానీ క్లిక్ వినపడదు; చెయ్యి తీయగానే మళ్లీ ముందుకే. ఎత్తు మార్చి చూసినా అంతే. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగడం లేదు.

హెడ్‌రెస్ట్ తీసేసి నడపమన్నాడు మెకానిక్. మెడకు ఆసరా లేకుండా నడపడం ప్రమాదం, అందుకు నేను ఒప్పుకోను. కారు ఇంటి దగ్గరే ఆపేశాను.

ఇలా ఒక వైపే లాక్ పడనప్పుడు లోపలి గొళ్లెం మాత్రమే బాగుచేయించవచ్చా, లేక హెడ్‌రెస్ట్ మొత్తం మార్చాల్సిందేనా?