అంగారకుడి ఫొటోల రంగులు సరిదిద్దడం సబబేనా?

ఎర్రనేల:
అంగారకుడి నేలను దగ్గరగా చూపే ఫొటోలు వచ్చిన ప్రతిసారీ "అచ్చం మన ఎడారిలాగే ఉందే" అన్న మాట వినిపిస్తుంది. అలా కనిపించేలా చేసింది చాలావరకు మనమే. క్యూరియాసిటీ రోవర్ చిత్రాలను నాసా అనేకసార్లు రెండు విధాలుగా విడుదల చేసింది: ఆ గ్రహం మీది వెలుగులో కెమెరాకు కనిపించినట్టుగా ఒకటి, అవే రాళ్లు భూమ్మీది పగటి వెలుగులో ఉంటే ఎలా ఉంటాయో అలా రంగులు సరిదిద్దినది మరొకటి. నా కంటపడేది ఎక్కువగా రెండోదే, అదీ ఏ వివరణా లేకుండా. శాస్త్రవేత్తలు తమ పరిశీలన కోసం రంగులను ఎలా మార్చుకున్నా నాకు అభ్యంతరం లేదు గానీ, సామాన్య పాఠకుడికి చూపే చిత్రంలో మాత్రం రంగు ముట్టుకోకూడదని నా వాదన. మీరేమంటారు?

రాతిచదువు:
ఎర్రనేల గారూ, ముట్టుకోని రంగు అనేది ఒకటుందని మీరు ముందే ఒప్పేసుకున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. 2004 జనవరిలో దిగిన స్పిరిట్ రోవర్ సంగతే చూడండి. దాని పానోరమిక్ కెమెరా సెన్సార్‌కు తెలిసింది నలుపు తెలుపులే. ముందున్న చక్రంలోని ఫిల్టర్లను ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ అదే దృశ్యాన్ని తీసి, మూడింటిని కలిపితే రంగుల చిత్రం తయారవుతుంది. చాలాసార్లు ఎరుపు ఫిల్టర్‌కు బదులు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టే ఫిల్టర్ వాడేవారు. రోవర్ మీద రంగులు సరిచూసుకోవడానికి అమర్చిన చిన్న నీడ గడియారం మూలల్లో రంగు ముక్కలున్నాయి. వాటిలో నీలం ముక్క తొలి చిత్రాల్లో గులాబీ రంగులో కనబడేసరికి, నాసా ఏదో దాస్తోందని గోల మొదలైంది. నిజానికి ఆ నీలి వర్ణకం పరారుణ కాంతిని బలంగా వెనక్కి పంపుతుంది. ఆ కాంతిని ఎరుపు స్థానంలో కూర్చోబెట్టడంతో నీలం కాస్తా గులాబీ అయింది. ఇక్కడ దిద్దని చిత్రమే అబద్ధం చెప్పింది.

ఎర్రనేల:
ఆ ఉదాహరణను కాదనను. అయితే దిద్దే మనిషి మనసులో ముందే ఒక ఊహ ఉంటుందన్నది నా భయం. 1976 జులై 20న నాసా నౌక వైకింగ్ 1 అంగారకుడి మీద దిగింది. మర్నాడు విడుదలైన తొలి రంగుల చిత్రంలో ఆకాశం నీలంగా ఉంది. హడావిడిగా తయారైన ఆ చిత్రాన్ని ల్యాండర్ మీది రంగుల పట్టీతో సరిచూశాక, గాలిలో తేలే ధూళి వల్ల ఆకాశం గులాబీ ఛాయలో ఉందని తేలింది. ఆ సంగతి ప్రకటించినప్పుడు విలేఖరులు, సరదాకే అనుకోండి, నిరాశతో అరిచారు. వాళ్లకు కావలసింది మరో భూమి. ఇక అంగారకుడి మీదే ఆపర్చునిటీ రోవర్ చూసిన హెమటైట్ (ఒక ఇనుప ఖనిజం) గుండ్ల మాటకొస్తే, అవి బూడిద రంగువి. నీలంగా కనిపించింది తేడాలు కొట్టొచ్చినట్టు తెలియాలని రంగులు పెంచిన చిత్రాల్లో మాత్రమే. అక్కడ నిజంగానే నీలి గుండ్లు దొర్లుతున్నాయని నమ్మేవాళ్లతో ఈనాటికీ వాదించాల్సి వస్తోంది.

వెలుగుదారి:
మీరిద్దరూ కెమెరా గురించే మాట్లాడుతున్నారు, చూసే కంటిని వదిలేశారు. 1982 మార్చి 1న శుక్రుడి మీద దిగిన సోవియట్ నౌక వెనెరా 13, అక్కడ 127 నిమిషాలు పనిచేసి పంపిన రంగుల చిత్రాల్లో పలకల్లాంటి రాళ్లన్నీ నారింజ రంగులో ఉంటాయి. దట్టమైన వాతావరణం నీలి కాంతిని నేల దాకా సరిగా రానివ్వదు. ఆ ప్రభావాన్ని లెక్కగట్టి తీసేస్తే అవే రాళ్లు బూడిద రంగుకు వస్తాయి. పాఠకుడికి ఏది చూపాలి? పసుపు బల్బు కింద తెల్ల కాగితం మనకు తెల్లగానే కనిపించినట్టు, ఏ వెలుగులోనైనా కాసేపు ఉంటే చూపు దానికి అలవాటుపడి ఆ రంగును కొంతమేర తీసేసుకుంటుంది. కాబట్టి అంగారకుడి మీద తిరిగే వ్యోమగామికి కనిపించే రంగు, నాసా విడుదల చేసే ఆ రెండు చిత్రాలకూ మధ్య ఎక్కడో ఉంటుంది.

దారినపోయేవాడు:
రంగు ఏదైతేనేం, రాయి రాయే కదండీ!

రాతిచదువు:
రాయిని పోల్చుకోవడానికి రంగు ఒక ఆనవాలు, అందుకే ఇంత వాదన. భూమ్మీది రాళ్లతో ఏళ్ల తరబడి అలవాటుపడ్డ కన్ను, అలవాటైన వెలుగులో చూస్తేనే తేడా పట్టగలదు. ఎర్రనేల గారి భయం అర్థమైంది గానీ, దానికి విరుగుడు దేన్ని బట్టి దిద్దారో చూపించడంలో ఉంది. రంగులు సరిచూసే పలక మీద కూడా ధూళి పడుతుంది కనుక, క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్ల పలకల్లో రంగు ముక్కల అడుగున అయస్కాంతాలు పెట్టారు. ధూళి అయస్కాంతం అంచున వలయంలా పేరుకుంటుంది, మధ్య భాగం చాలావరకు శుభ్రంగా మిగులుతుంది. ఆ పలక ఫొటోలు ఎవరైనా చూడవచ్చు, దిద్దని చిత్రాలు కూడా నాసా వెబ్‌సైట్‌లో ఉన్నాయి.

ఎర్రనేల:
ఆ పలక ఫొటోను వార్తల్లో ఎవరు వేస్తారు చెప్పండి? చిత్రం కింద రాసిన వివరణ మొదటిసారి షేర్ చేసినప్పుడే ఊడిపోతుంది. రంగులు సరిదిద్దినట్టు చెప్పే ఒక్క వాక్యాన్ని చిత్రం లోపలే, ఒక మూలన ముద్రించి విడుదల చేయమనండి. అప్పుడు నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటాను.