మందు మానే మనిషికి ధ్యానం ఎప్పటి నుంచి, ఎట్ల?

గోదారిగట్టు, సిరొంచ:
మా బావ ఏండ్ల సంది రోజూ ఇప్పసార తాగుతడు. మా గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం, ఉన్నా సార దొరుకుతనే ఉంటది, లేకుంటే వంతెన దాటి తెలంగాణకు పోతరు. నిన్న పొద్దుగాల నుంచి ముట్టలేదు. ధ్యానం, మంచి ఆలోచనలతోని నిలబడతడా? కండ్లు మూసి కూసోబెడితే ఐదు నిమిషాలకే లేస్తుండు.

తెల్లకోటు, బల్లార్షా:
ధ్యానం తర్వాత, ముందు చేతులు చాపమని చూడండి. రోజూ తాగే మనిషి ఒక్కసారే ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు మొదలైతయి. మొదటి 2 రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య లేని మనుషులు కనబడుడు, ఎక్కడున్నడో తెల్వకపోవుడు జరిగితే ప్రాణానికే ముప్పు. ఇది మనోబలంతో ఆగేది కాదు, దీనికి మందులున్నయి. రోజుకు ఎంత తాగేది, ఆఖరి గ్లాసు ఎప్పుడు, ఇదివరకు ఫిట్స్ వచ్చినయా అన్నవి డాక్టరుకు చెప్పండి. గ్లూకోజు ఎక్కించే ముందు బి1 విటమిన్, అంటే థయమిన్, ఇస్తున్నరా అని తప్పక అడగండి. తెల్వకుండా అన్నంల కలిపే పొడులు మాత్రం వద్దు. అట్లాంటి పొడుల్ల ఉండే డైసల్ఫిరామ్ అనే మందు కడుపుల ఉండంగ సార తాగితే బీపీ పడిపోయి ప్రమాదమైతది.

గోదారిగట్టు:
వణుకుతున్నయి. ఆటో మాట్లాడిన, దవాఖానకు పోతున్నం.

నిదానం, అహేరి:
మంచి పని చేసినరు. వణుకు తగ్గి, నిద్ర పట్టినంక ఇట్ల మొదలుపెట్టండి. గోడకు ఆనుకొని, కండ్లు తెరిచి, చూపు నేల మీద పెట్టి కూసోవాలె. 4 లెక్కపెట్టేదాక ఊపిరి లోపలికి, 6 లెక్కపెట్టేదాక బయటికి. మొదటి వారం 3 నిమిషాలు చాలు, పొద్దున ఒకసారి, తాగే యాళ్లకు అరగంట ముందు ఒకసారి. కండ్లు మూస్తే కొందరికి పాత సంగతులు మీద పడతయి, అందుకే లేచిపోతరు. అట్లయితే అడుగులు లెక్కపెట్టుకుంట వాకిట్ల నడిపియ్యండి.

తాగాలన్న యావ వచ్చినప్పుడు దానితోని కొట్లాడొద్దు. గొంతులనా, దవడలనా, ఛాతిలనా, ఎక్కడ గుంజుతుందో చూడమనండి. పదికి ఎంత? ఐదు నిమిషాలాగి మళ్లీ ఎంత? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ దీన్ని అల మీద తేలుడుతో పోల్చిండు. ఆజ్యం పొయ్యకుంటే చాలాసార్లు అరగంట లోపలే దిగుతది. ఇది మామూలు రోజుల్లో అలవాటు చేసుకోకుండా, యావ తొమ్మిదికి ఎక్కినప్పుడు మొదటిసారి చేస్తే పనిచెయ్యదు. ఖాళీ కడుపుతోని కూడా పనిచెయ్యదు, సాయంత్రం నాలుగింటికే ఏదన్న తినిపియ్యండి.

మార్చి, ఏప్రిల్ల ఇంకింత జాగ్రత్త. చాప మీద ఆరబోసిన ఇప్పపువ్వు మధ్యాహ్నం ఎండకు ముడుచుకుంట తియ్యటి పులుపు వాసన కొడతది. ఆ వాసనకే నోట్ల నీళ్లూరుతయి. వాకిట్ల ఆరబోసుడు ఈ ఏడాదికి బంద్ పెట్టండి.

పసుపుగడప, జయపురం, ఒడిశా:
మంచి ఆలోచనల గురించి ఒక మాటండి. "అంతా బాగైపోయింది" అని ఊహించుకుంటే మనసు అప్పుడే తృప్తిపడి పట్టు సడలిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేలె ఓటింగెన్ పరిశోధనలు చెప్పేది ఇదే. కోరికతో పాటు దానికి అడ్డొచ్చేది కూడా పక్కనే రాయాలి. "సంతలో స్నేహితుడు పిలిస్తే, 'మానేశాను' అనేసి ఆగకుండా ఇంటికి నడుస్తాను." ఇలా "అయితే... చేస్తాను" అన్న వాక్యాలు మూడు చాలు, ఆయనే తన మాటల్లో రాయాలి. మీరు రాసిస్తే అవి మీ వాక్యాలే అవుతాయి.

నాలుగోది జారినప్పటికి. ఒక గ్లాసు పడగానే "అంతా పోయింది" అనుకుని సీసా ఖాళీ చేస్తారు. అక్కడ "తాగితే, మిగిలింది పారబోసి నా భార్యకు చెబుతాను, పొద్దున మళ్లీ కూర్చుంటాను" అని ఉండాలి. మీ అక్క ఆ పూట తిట్టకూడదు, ఆమెకు ముందే చెప్పి ఉంచండి. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు మాన్పించే కేంద్రాల వివరాలకు 14446.