‘కాడ్స్‌వాలప్’ అన్న మాట గోలీసోడా సీసా నుంచే పుట్టిందా?

సోడాప్రియ:
డాంబికంగా పలికే పసలేని మాటలను బ్రిటన్‌లో ‘కాడ్స్‌వాలప్’ అని కొట్టిపారేస్తారు. గోలీసోడా సీసాను రూపొందించిన హైరమ్ కాడ్ పేరే దీనికి మూలమని నేను నమ్ముతున్నాను. ఆయన 1870లలో ఇంగ్లండులో ఆ సీసాకు పేటెంటు పొందారు. ‘వాలప్’ అంటే అక్కడి వాడుకలో బీరు. కాడ్ సీసాలోని మత్తులేని పానీయాన్ని బీరు తాగేవారు ‘కాడ్ వాలప్’ అని హేళన చేయగా, ఆ పేరు క్రమంగా పనికిమాలిన మాటలకు అంటుకుందంటారు. పేరూ వస్తువూ కాలమూ ఇంత చక్కగా కలిసినప్పుడు ఇక సందేహమెందుకు?

పదశోధిని:
సోడాప్రియ గారూ, కలవనిది కాలమే. కాడ్ 1887లో మరణించారు. ఈ మాటకు అచ్చులో దొరికిన తొలి ఆధారాలు 1950ల నాటివి. ‘వాలప్’కు బీరు అనే అర్థం కూడా 1930లకు ముందు కనబడదు. అంటే, ఆ హేళన పుట్టిందని మీరు చెబుతున్న రోజుల్లో, దానికి అవసరమైన పదమే ఆ అర్థంలో వాడుకలో ఉన్నట్లు దాఖలా లేదు. పైగా ఆయన ఇంటిపేరు చివర ‘డి’ అక్షరం రెండుసార్లు వస్తుంది, ఈ మాటలో ఒక్కసారే.

సోడాప్రియ:
తాగేచోట పుట్టిన మాట అచ్చుకెక్కడానికి తరాలు పట్టవచ్చు కదా? మన ఊళ్లలో నిత్యం వినబడే వెటకారపు మాటల్లో ఎన్నింటికి నిఘంటువుల్లో చోటు దొరికింది?

పదశోధిని:
ఆ ప్రశ్న న్యాయమైనదే, కానీ విక్టోరియా కాలపు ఇంగ్లండుకు అది అంతగా వర్తించదు. వీధి మాటలను, దొంగల పరిభాషను, బూతులను సైతం వదలకుండా ఏరిన రోజులవి. ఫార్మర్, హెన్లీల యాస నిఘంటువు ఒక్కటే 1890 నుంచి 1904 వరకు ఏడు సంపుటాలుగా వెలువడింది. అందులోనూ ఈ మాట లేదు. దాదాపు 80 ఏళ్లపాటు నోళ్లలో నానిన హేళన అంతటి సేకర్తల చెవిన ఒక్కసారైనా పడలేదనడం నాకు నమ్మశక్యంగా లేదు. ఆటపట్టించడం అనే అర్థంలో ‘కాడ్’ అనే వేరే ఇంగ్లిషు మాట 19వ శతాబ్దంలోనే వాడుకలో ఉంది కనుక నా మొగ్గు అటువైపు. అయితే అది ‘వాలప్’ను వివరించదు కాబట్టి దాన్నీ నిర్ణయంగా చెప్పను. 1930లకు ముందు అచ్చయిన ఒక్క వాక్యం, తేదీతో సహా, ఎవరైనా చూపగలిగితే సీసా కథను తప్పక ఒప్పుకుంటాను.