గాలిలోని టర్బులెన్స్‌ను (అలజడిని) కొలిచేటప్పుడు ఏ పరికరం అంకెను నమ్మాలి? (చర్చ)

ఉరవకొండ గాలి:
అందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో గాలిమరల నిర్వహణలో ఉన్నాను. మా 80 మీటర్ల మాస్ట్ (కొలత స్తంభం) మీదున్న కప్పుల ఎనిమోమీటర్ (గాలికి తిరిగే కప్పులతో వేగాన్ని కొలిచే పరికరం) సెకనుకొక రీడింగు తీస్తుంది. పది నిమిషాలకొకసారి వాటి సగటునూ, ప్రామాణిక విచలనాన్నీ (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో తెలిపే అంకె) లాగర్ (రీడింగులను దాచే పరికరం) నమోదు చేస్తుంది. విచలనాన్ని సగటుతో భాగించి టర్బులెన్స్ తీవ్రతను లెక్కకడతాము. ఈ మధ్య మాస్ట్ పక్కనే నేల మీద ఒక లైడార్ (లేజర్‌తో గాలి వేగాన్ని కొలిచే పరికరం) పెట్టాము. సగటు వేగాలు చక్కగా కలుస్తున్నాయి గానీ తీవ్రత కలవడం లేదు. మధ్యాహ్నం లైడార్ ఎక్కువ చూపుతోంది, తెల్లవారుజామున తక్కువ చూపుతోంది. ఏది సరైనదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సరిహద్దు పొర:
మీరు గమనించిన తేడాలోనే జవాబు ఉంది. లైడార్ ఒక బిందువు వద్ద గాలిని కొలవదు. లేజర్ కిరణాలను ఏటవాలుగా పలు దిక్కులకు పంపి, ధూళికణాల నుంచి తిరిగివచ్చిన కాంతిలోని డాప్లర్ మార్పును (కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాను) చూసి, ఆ కిరణాల నడుమ గాలంతా ఒకే తీరుగా వీస్తోందన్న ఊహ మీద వేగాన్ని లెక్కకడుతుంది. 80 మీటర్ల ఎత్తులో ఎదురెదురు కిరణాల మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఈ ఊహ సగటుకు చెల్లుతుంది, సుడులకు చెల్లదు. ఎండపొద్దున నేల కాగి గాలి పైకీ కిందికీ బలంగా కదులుతుంది కాబట్టి, ఆ నిలువు కదలిక అడ్డ వేగం లెక్కలోకి చొరబడి తీవ్రతను పెంచుతుంది. తెల్లవారుజామున సుడులు చిన్నవి. కిరణం పొడవునా జరిగే సగటులో అవి కరిగిపోతాయి. అలాగని కప్పులనే ప్రమాణంగా తీసుకోవద్దు. వేగం పెరిగినప్పుడు అవి త్వరగా అందుకుంటాయి, తగ్గినప్పుడు నెమ్మదిగా దిగుతాయి.

పొలంగట్టు:
మేము పొలంలో సోనిక్ ఎనిమోమీటర్ వాడతాము. ఎదురెదురు కొనల మధ్య ధ్వని ప్రయాణించే కాలాన్ని బట్టి మూడు దిక్కుల వేగాన్నీ, ఉష్ణోగ్రతనూ సెకనుకు 10 లేక 20 సార్లు ఇస్తుంది. నేలకు దగ్గరగా సుడులు చిన్నవిగా, వేగంగా ఉంటాయి కాబట్టి అంత వేగం తప్పనిసరి. ఒకసారి వారం రోజుల పాటు తెల్లవారుజామున మాత్రమే విలువలు పిచ్చిగా ఎగిరాయి. నిచ్చెనెక్కి చూస్తే పై కొనకూ కింది కొనకూ మధ్య సాలీడు గూడు, దాని పోగుల మీద వరుసగా మంచు బిందువులు. కింది కొన మీద ఒక నీటిబొట్టు నిలిచి ఉంది. ఎండెక్కగానే అన్నీ ఆరిపోయేవి, లెక్కా సర్దుకునేది. అప్పటి నుంచి నేను స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యంలో ఒడిదుడుకుల శక్తి ఎంతుందో చూపే గీత) చూడకుండా ఏ సంఖ్యనూ రాసుకోను. కోల్మోగోరోవ్ 1941 సిద్ధాంతం ప్రకారం రావలసిన మైనస్ 5/3 వాలు కనిపిస్తే ఊరట. అధిక పౌనఃపున్యాల వైపు గీత బల్లపరుపుగా మారితే అది గాలి కాదు, రొద.

శ్రుతి తరంగం:
రాడార్ గురించి రెండు మాటలు. తిరుపతి దగ్గర గడంకిలోని 53 మెగాహెర్ట్జ్ ఎం.ఎస్.టి. (మీసోస్ఫియర్-స్ట్రాటోస్ఫియర్-ట్రోపోస్ఫియర్) రాడార్ తన తరంగదైర్ఘ్యంలో సగం, అంటే దాదాపు 2.8 మీటర్ల పరిమాణం గల ఒడిదుడుకుల నుంచి ప్రతిధ్వనిని అందుకుంటుంది. అది నేలకు మరీ దగ్గరగా చూడలేదు కాబట్టి, సరిహద్దు పొర (నేలను ఆనుకున్న గాలిపొర) కోసం అక్కడ 1280 మెగాహెర్ట్జ్ ప్రొఫైలర్‌ను (ఎత్తుల వారీగా గాలిని కొలిచే రాడార్) వాడారు. అది సుమారు 12 సెంటీమీటర్ల ఒడిదుడుకులను చూస్తుంది. వాన పడితే దానికి చినుకులే బలంగా కనిపిస్తాయి, అప్పుడు వచ్చే నిలువు వేగం చినుకులు రాలే వేగమే. ప్రతిధ్వని స్పెక్ట్రమ్ వెడల్పు (డాప్లర్ వేగాలు ఎంత పరుచుకున్నాయో) నుంచి టర్బులెన్స్ లెక్కకట్టేవారు రాడార్ పుంజపు వెడల్పు వల్ల, ఎత్తుతో గాలి మారడం వల్ల చేరే భాగాన్ని ముందే తీసివేయాలి. గాలి జోరుగా, అలజడి తక్కువగా ఉన్నప్పుడు ఈ తీసివేతలో మిగిలేది సున్నా కంటే తక్కువ రావచ్చు. ఆ విలువలను పారేసి మిగతావాటికే సగటు తీస్తే అలజడి ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. నా తొలి లెక్కల్లో నేను చేసిన తప్పు అదే.

ఉరవకొండ గాలి:
ఎంతో మేలు చేశారు. సాయంత్రం గాలి పుంజుకునే వేళ కప్పుల్లోనూ తీవ్రత పెరుగుతోంది. అది నిజమైనదేనా?

సరిహద్దు పొర:
పది నిమిషాల్లో సగటే సెకనుకు 6 నుంచి 9 మీటర్లకు ఎక్కితే, ఆ ఎక్కుదల కూడా విచలనంలో చేరుతుంది. సరళరేఖ వాలును తీసివేసి మళ్లీ లెక్కించండి. అందుకు సెకను రీడింగులు కావాలి. లాగర్ సగటులను మాత్రమే దాచుకుంటే ఆ పని ఇక సాధ్యం కాదు.

ఉరవకొండ గాలి:
మా లాగర్‌లో సగటులే ఉన్నాయి. రేపే అమరిక మార్పించి, నెల రోజుల సెకను రీడింగులతోపాటు లైడార్ ఒక్కొక్క కిరణం వేగాలనూ ఇక్కడ పెడతాను.