కాకః కాకః పికః పికః: పాఠం ఏది, పక్షి ఏది?

వేపకొమ్మ:
"కాకః కృష్ణః పికః కృష్ణః, కో భేదః పికకాకయోః" (కాకి నలుపు, కోయిల నలుపు, రెంటికీ తేడా ఏమిటి?) వరకు ఈ శ్లోకాన్ని అందరూ ఒకేలా చెబుతారు. పేచీ అంతా మూడో పాదం దగ్గరే. ఒకచోట "వసంతసమయే ప్రాప్తే" అని ఉంటే ఇంకోచోట "వసంతకాలే సంప్రాప్తే" అని ఉంది. రెంటికీ అర్థం 'వసంతం వచ్చాక' అనే. చివరి పాదం "కాకః కాకః పికః పికః" అన్నిచోట్లా ఒక్కటే. ఏ పాఠం, అంటే ఏ మాటల కూర్పు, సరైంది? ఇంకో సందేహం. శివరాత్రి దాటిందో లేదో, ఉగాది ఇంకా ఎంతో దూరం ఉండగానే కోయిల కూస్తోంది. మరి శ్లోకం వసంతం వచ్చాక అంటుందేం?

గణవిభజన:
మొదటి పాఠం నున్నగా నడుస్తుందండీ. ఈ శ్లోకం నడిచే అనుష్టుప్పు ఛందస్సులో పాదానికి ఎనిమిది అక్షరాలు. ఐదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది బేసి పాదాల్లో గురువు, సరి పాదాల్లో లఘువు. వ-సం-త-స-మ-యే-ప్రా-ప్తే అని విడదీస్తే ఐదోది 'మ' లఘువు, 'యే', 'ప్రా' గురువులు. లెక్క సరిపోయింది. రెండో పాఠంలో ఐదో అక్షరం 'లే' గురువైంది. అది తప్పు పాఠం.

పాతబడి పంతులు:
తొందరపడకండి. బేసి పాదాల్లో విపులలకు, అంటే ఆ నియమం నుంచి ఒప్పుకున్న మినహాయింపులకు, చోటుంది. 2, 3, 4 అక్షరాలు రగణమై (గురు-లఘు-గురువులై), 5, 6, 7 గురువులై, ఐదో అక్షరం దగ్గర మాట విరిగితే అది మవిపుల. వ-సం-త-కా-లే | సం-ప్రా-ప్తే. 'సం-త-కా' రగణం, 'కాలే' దగ్గర విరుపు. కాబట్టి రెండోదీ ఒప్పే. చెవికి మొదటిదే బాగుంటుందన్నది వేరే మాట, నా ఓటూ దానికే.

నిజమైన తప్పు ఇంకొకటుంది. విసర్గలు ఎగరగొట్టి "కాక కాక పిక పిక" అని రాసేస్తున్నారు. అప్పుడు ఆరో అక్షరం 'కః' కాస్తా 'క' అయి లఘువవుతుంది, పాదం కుంటుతుంది. అర్థమూ పోతుంది. రెండోసారి వచ్చిన 'కాకః' పక్షి పేరు కాదు, కాకి లక్షణం. "కాకి కాకే, కోయిల కోయిలే" అంటున్నప్పుడు మనం ఆ రెండో మాట మీద వేసే ఒత్తు అదే. మాట ఒక్కటే, తాత్పర్యం వేరు, కనుక లాటానుప్రాస.

బొంతకాకి:
పక్షి సంగతి నేను చెబుతాను. వసంతమంటే చైత్ర వైశాఖాలని పంచాంగం లెక్క, కోయిలకు ఆ పట్టింపు లేదు. కోయిల గుడ్లు పెట్టేది కాకి గూట్లోనే. ఎండలు ముదిరి కాకులు గూళ్లు కట్టే వేళకు తాను జత కుదుర్చుకోవాలి గనక మగది ముందే గొంతు విప్పుతుంది. మొదట్లో కూత తెగిపోతూ ఉంటుంది. తర్వాత "కూ...ఊ" అని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ ఏడెనిమిది సార్లు కూసి, పైస్థాయిలో టక్కున ఆపేస్తుంది. మిగతా కాలంలో ఎక్కడికో వలసపోయిందనుకుంటారు గానీ, అది ఊళ్లోనే ఉంటుంది. నోరు మెదపదు, అంతే.

ఇక 'కృష్ణః'. నల్లనిది మగది ఒక్కటే. ఆడది గోధుమరంగు మీద తెల్లని చుక్కలు, చారలతో ఉంటుంది, కూయదు, "కిక్ కిక్ కిక్" అంటుంది. సంస్కృతకవులకు ఈ సంగతి తెలుసు. కాళిదాసు కుమారసంభవం 3వ సర్గలో మామిడి చిగురు తిని తీయగా కూసింది 'పుంస్కోకిలము', అంటే మగ కోయిల. కోయిలమ్మ అని ఆడదాన్ని చేసింది మనం. సరోజినీ నాయుడు గారి 'భారత కోకిల' బిరుదులో ఉన్నది అసలు నైటింగేల్ అనే వేరే పక్షి, అక్కడా పాడేది మగదే.

వేపకొమ్మ:
అయితే చూడాలంటే మామిడిచెట్టు కింద నిలబడాలా?

బొంతకాకి:
వద్దండీ, అది కవిసమయం, కవులు ఆనవాయితీగా చెప్పుకునే మాట. కోయిల ప్రధానంగా పండ్లు తింటుంది. కాయ పండుతున్న రావి, మర్రి, జువ్వి చూసుకోండి. పొద్దున్నే, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఎదురు వెలుగులో అన్నీ నల్లగానే కనిపిస్తాయి, శ్లోకంలోని ప్రశ్నే మిగులుతుంది. కూస్తున్నంతసేపూ అడుగులు వేయండి, ఆపగానే ఆగిపోండి. కొమ్మ చివర వెతక్కండి, ఆకు దట్టంగా ఉన్న నడిమి భాగంలో దాక్కుంటుంది.

కన్ను ఎర్రగా, ముక్కు లేత ఆకుపచ్చగా, తోక పొడవుగా ఉంటే మగ కోయిల. కాకికి కన్నూ ముక్కూ నలుపే. పైగా ఊరకాకి మెడ బూడిదరంగు, కాబట్టి "కాకః కృష్ణః" అన్నది నూటికి నూరుపాళ్లు అతికేది బొంతకాకికే (ఈ పేరు పెట్టుకున్నందుకు ఆ మాత్రం పక్షపాతం తప్పదు). కన్ను ఎర్రగా ఉండి రెక్కలు ఇటుకరంగైతే అది జెముడుకాకి. చాలామంది పొరబడేది అక్కడే. జెముడుకాకి నేల మీద నడుస్తుంది, కోయిల చెట్టు దిగడం అరుదు.

గణవిభజన:
విపుల సంగతి ఒప్పుకున్నాను పంతులుగారూ. ఇంకో జంట చూడండి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో కోయిలకు "వనప్రియః పరభృతః కోకిలః పిక ఇత్యపి" అని నాలుగు పేర్లు. కాకి పేర్లలో 'పరభృత్' ఉంది. తెలుగులో పరభృతము అంటే కోయిల, పరభృత్తు అంటే కాకి. పెంపబడేది ఒకటి, పెంచేది ఒకటి. ఒక్క తకార ఒత్తు జారితే గూడు తారుమారు.

బొంతకాకి:
గూట్లోనూ అంతే. కాకి గుడ్లకంటే కోయిల గుడ్డు రెండు మూడు రోజులు ముందే పిల్లవుతుంది, ముందు నోరు తెరిచినదానికి ముందు మేత. చాలాసార్లు కాకిపిల్లలతో కలిసే పెరుగుతుంది కూడా.

పాతబడి పంతులు:
మాటల్లో ఇంకొక్కటి. కోకిల ప్రకృతి, కోయిల వికృతి. నడుమ ప్రాకృతంలో కకారం జారి 'కోఇల' అయింది. క్రియలు కూడా కలపకండి: కాకి అరుస్తుంది, కోయిల కూస్తుంది. "కాకి కూసింది" అని రాస్తే, శ్లోకం అడిగిన భేదాన్ని తెలుగు క్రియే చెరిపేసినట్టు.

వేపకొమ్మ:
సరే, నా ప్రతిలో "వసంతసమయే ప్రాప్తే" ఉంచి, రెండోది పాఠాంతరంగా కింద వేస్తున్నాను. విసర్గలు ఎనిమిదీ సరిచూశాను.

గణవిభజన:
ఎనిమిది కాదండీ, మళ్లీ లెక్కపెట్టండి. మొదటి పాదంలో నాలుగు, రెండో పాదంలో 'భేదః', 'కాకయోః' రెండు, చివర నాలుగు. మొత్తం పది.